కుడి మోకాలు

జనవరి 13, 2009, మంగళవారం

పది గంటలకి అంత్యక్రియల పూజ. బేకరీ నడిపిన ఎర్మెలిందా ముసలమ్మది. ఇంత మంచులోనూ గుడి సగం నిండింది. ఆవిడ రొట్టె తినని ఇల్లు కొలంబియా వీధిలో లేదు మరి.

అంత్యక్రియలు పనిరోజుల్లోనే ఉంటాయి. ఆ వేళకి పిల్లలు బళ్ళో ఉంటారు. అందుకని పీఠం దగ్గర ఫాదర్ గారికి అందించేది, గంట కొట్టేది, సాంబ్రాణి వేసేది మేమిద్దరం ముసలాళ్ళమే. నాకు అరవై ఎనిమిది. ఆయనకి డెబ్బై రెండు.

ఆయనంటే మా అన్నయ్య లౌదలీనో. ఈ పుస్తకంలో రాయక తప్పనప్పుడు ఆయన అనే రాస్తాను. మాకు పదకొండేళ్ళుగా మాటల్లేవు. అమ్మ పోయిన రోజు నాకు కబురు పెట్టలేదు. నాలుగుసార్లు ఫోన్ చేశానంటాడు. మా ఇంట్లో ఫోను మోగలేదు. ఇంతకన్నా రాయడానికేం లేదు.

మాటల్లేవన్నాను గానీ పూజలో ఒకరికొకరు శాంతి చెప్పుకునే చోట తప్పదు. పీఠం మెట్టు దిగకూడదు, పక్కనున్నవాడికే చెయ్యివ్వాలి. పక్కనుండేది ఆయనే. "శాంతి నీకు కలుగుగాక" అంటాడు. నేనూ అంటాను. చెయ్యి ఒక్కసారి ఊపి వదిలేస్తాం. ఏడాదికి నలభై, యాభై అంత్యక్రియలుంటాయి. పదకొండేళ్ళలో మేం మాట్లాడుకున్నది అదొక్క మాటే, కాకపోతే చాలాసార్లు.

ఇవాళ ఒకటి చూశాను. పీఠానికి ఎదురుగా నడిమెట్టు ముందు ఇద్దరం కుడి మోకాలు నేలకి ఆనించినప్పుడు ఆయన ఎడమచెయ్యి తొడ మీద ఊనాడు. చేతులు గుండెల ముందు జోడించి ఉండాలి. వేళ్ళు పైకి, కుడి బొటనవేలు ఎడమదాని మీద. దిగినా లేచినా అవి కదలకూడదు. ఈ దేశం రాకముందు, మేం పుట్టిన దీవిలో ఉన్నప్పుడు, నేను ఎనిమిదేళ్ళవాణ్ణి, ఆయన పన్నెండేళ్ళవాడు, అక్కడి గుడి ఫాదరు పాద్రె క్రిస్తియానో వెదురు బెత్తం పట్టుకుని నేర్పిన పాఠం. "మీరు ఇద్దరు కాదు. ఒక మనిషీ, వాడి నీడా. చూసేవాడికి ఎవరు మనిషో ఎవరు నీడో తెలియకూడదు" అనేవాడు. ఇద్దరం కలిసి దిగాలి, కలిసి లేవాలి. ఒకడు తప్పు చేస్తే దెబ్బ ఇద్దరికీ.

తొడ మీద చెయ్యా! నేనైతే చచ్చినా వెయ్యను.

జనవరి 14

మంచు. వాకిలంతా నేనే పారతో ఎత్తిపోశాను. నా మోకాళ్ళు భేషుగ్గా ఉన్నాయి.

జనవరి 22, గురువారం

ఇవాళ ఆయన తూలాడు.

దిగడం బాగానే దిగాడు. లేచేటప్పుడు పక్కకి ఒరిగి మోచెయ్యి నాకు తగిలించాడు. వెనక మూడడుగుల్లో శవపేటిక ఉంది. దాని మీద కప్పిన తెల్లగుడ్డ పట్టుకోబోయి ఆఖరి క్షణంలో ఆగాడు. పట్టుకునుంటే గుడ్డ మొత్తం ఊడివచ్చేది. చనిపోయినవాడి భార్య ముందు వరసలోనే కూర్చుని ఉంది.

పూజ అయ్యాక ఆయన అంగీ విప్పి, మడత చెడకుండా తగిలించి, టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. నేను ఆగి ఫాదర్ పచేకో గారితో చెప్పాను. ముప్పై నాలుగేళ్ళ కుర్రాడు ఫాదర్ గారు, మా గుడికి వచ్చి ఏడాదిన్నర.

"లౌదలీనోకి మోకాలు పనిచెయ్యట్లేదు ఫాదర్. చెయ్యి ఊనుతున్నాడు. ఇవాళ పేటిక మీద పడబోయాడు."

"అలాగా? నేను చూడలేదే," అన్నారు.

పీఠం మర్యాద కోసం చెప్పాను. వేరే ఎవరైనా అయినా చెప్పేవాణ్ణే.

జనవరి 23

పీఠం మర్యాద కోసమే చెప్పాను.

జనవరి 25, ఆదివారం

మా ఆవిడ జుల్మీరా అడిగింది, ఏమయ్యా, రెండు రోజులుగా మొహం అలా పెట్టుకున్నావు, పన్ను నొప్పా అని. అవునన్నాను. లవంగ నూనె తెచ్చి రాసింది. నోరంతా మండిపోయింది.

ఫిబ్రవరి 3, మంగళవారం

ఫాదర్ గారు అంగీల గదిలో తలుపు దగ్గరికేసి చెప్పారు.

"మీరు చెప్పాక నేనూ గమనించాను జసింతో గారూ. నిజమే, ప్రమాదం. ఈస్టర్ దాకా ఉండనిచ్చి, ఈస్టర్ రోజు అందరి ముందూ ఒక జ్ఞాపిక ఇచ్చి సాగనంపుదాం. అరవై ఏళ్ళ సేవ మరి. అంత్యక్రియలకి మీరొక్కరు చాలు. మీ మోకాళ్ళు గట్టివి కదా."

గట్టివే అన్నాను.

"అన్నగారికి మీరే మెల్లగా చెప్తారా?"

"మాకు మాటల్లేవు ఫాదర్."

ఫాదర్ గారి మొహం ఎర్రబడింది. ఊరంతా ఎరిగిన సంగతి ఏడాదిన్నరలో ఎవరూ ఆయన చెవిన వెయ్యలేదన్నమాట. మీరిద్దరూ అంత కలిసికట్టుగా కదులుతుంటే నేను అనుకోలేదండీ అని నసిగారు.

ఇంటికొచ్చి జుల్మీరాకి చెప్పాను. ఎవరు ఫిర్యాదు చేశారన్నది చెప్పలేదు. ఫాదర్ గారే చూశారన్నాను. ఆవిడ ఆ వారం ఉతికిన పీఠం గుడ్డలు ఇస్త్రీ చేస్తోంది. పెట్టె నిలబెట్టి నా వంక చూసింది.

"మరి ఇక నువ్వు ఆయన్ని ఎక్కడ చూస్తావు?"

"చూడాల్సిన అవసరమేముంది?"

"ఏమీ లేదులే," అని మళ్ళీ ఇస్త్రీ మొదలుపెట్టింది. గుడ్డ మీద నీళ్ళు చల్లాల్సిన దానికన్నా ఎక్కువ చల్లింది.

రాత్రికి కేల్ ఆకు సూపు, లింగ్విస సాసేజి ముక్కలు వేసి. నాకిష్టమే. సగం వదిలేశాను, పన్ను నొప్పి వల్ల.

ఫిబ్రవరి 4

నాకేం బాధ లేదు.

ఫిబ్రవరి 10, మంగళవారం

పాద్రె క్రిస్తియానో నేర్పిన దాంట్లో ఇంకో సంగతి ఉంది. చేతిలో సిలువ గానీ కొవ్వొత్తి గానీ ఉన్నవాడు మోకాలు వంచనక్కర్లేదు. తల వంచితే చాలు. మైనం అంగీ మీద కారుతుందని, పట్టు తప్పుతుందని పెట్టిన నియమం. మా గుడిలో పనిరోజు అంత్యక్రియలకి ఖాళీ చేతులతోనే నడుస్తాం.

ఇవాళ అరగంట ముందు వెళ్ళి బీరువాలోంచి చేత పట్టుకుని నడిచే పొడుగాటి ఇత్తడి దీపస్తంభాలు రెండూ తీశాను. తుడిచాను. కొవ్వొత్తులు గుచ్చాను. ఒకటి ఆయన అంగీ పక్కన, ఒకటి నా అంగీ పక్కన పెట్టాను. పీఠానికి నిండుగా ఉంటుందని.

ఆయన వచ్చాడు. అంగీ వేసుకున్నాడు. స్తంభం వంక చూశాడు, నా వంక చూశాడు. తన కొవ్వొత్తి తీసి పెట్టెలో పెట్టాడు. నాదీ తీసి పెట్టాడు. స్తంభాలు రెండూ ఒక్కొక్కటే మోసుకెళ్ళి బీరువాలో పెట్టి తలుపు మూశాడు. చేతులు జోడించుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

మోకాలు వంచాడు. తొడ మీద చెయ్యి ఊనాడు. లేచేటప్పుడు ముక్కులోంచి గాలి బయటికి తన్నుకొచ్చింది. అది నాకొక్కడికే వినిపించింది.

మొండివాడు. ఎప్పుడూ మొండివాడే. పోతే పోనీ.

ఫిబ్రవరి 18, బుధవారం

ఏం చేశానో నాకే తెలియదు. తెలుసు. రాస్తాను.

ఇవాళ్టి అంత్యక్రియలు ముప్పై ఏళ్ళు బళ్ళో పాఠం చెప్పిన పంతులమ్మవి. గుడి కిక్కిరిసింది. ఇద్దరం నడిచి వచ్చాం, అడుగులో అడుగు, చేతులు జోడించి. నడిమెట్టు ముందు ఆగాం. ఎదురుగా దివ్యప్రసాదం ఉంచే మందసం, దాని పక్కన ఎర్రదీపం. నేను లోపల "ఒకటి" అనుకున్నాను. మేం లోపల ఒకటి, రెండు అనుకుని దిగుతాం, అది చిన్నప్పటి అలవాటు. అప్పుడు పక్కనుంచి ఆయన ఊపిరి బిగబట్టడం వినిపించింది. బరువెత్తబోయేవాడు బిగబట్టినట్టు.

"రెండు" అనుకున్నాను. మోకాలు వంచలేదు. నిలబడే నడుం దాకా వంగి నమస్కారం పెట్టాను.

కాళ్ళు పనిచెయ్యనివాడు అలా చెయ్యొచ్చు, తప్పు లేదు. పనిచేసేవాడు చెయ్యకూడదు. అరవై ఏళ్ళలో నేనెప్పుడూ చెయ్యలేదు. నూటరెండు జ్వరంలో కూడా మోకాలు వంచాను.

ఆయన అప్పటికే సగం దిగాడు. నన్ను చూసి ఆగాడు. అలాగే మధ్యలోంచి పైకి లేచి, నడుం వంచాడు. ఇద్దరం కలిసే తలెత్తాం. చూసినవాళ్ళకి ఇదే పద్ధతి కాబోలు అనిపించి ఉంటుంది. పూజ చివర్లోనూ అలాగే చేశాం.

శాంతి చెప్పుకునేటప్పుడు నా కళ్ళలోకి చూడలేదు. చెయ్యి మాత్రం గట్టిగా పట్టుకున్నాడు. కోపంతో కావచ్చు.

ఫాదర్ గారు అడిగారు. "మీరెందుకు మోకాలు వంచలేదు జసింతో గారూ?"

"నొప్పి," అన్నాను.

"మొన్న గట్టివన్నారుగా?"

"మొన్న గట్టివే."

గుడి లోపల అబద్ధమాడాను. వచ్చే పాపసంకీర్తనంలో చెప్పుకోవాలి. ఆ ఫాదర్ గారికే చెప్పుకోవాలి. పక్క ఊరి గుడికి వెళ్తాను.

ఫిబ్రవరి 19

చూరు కింద వేలాడే మంచు కొట్టడానికి నిచ్చెనెక్కాను. జుల్మీరా కింద నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"ఏమయ్యా, నీకు మోకాళ్ళ నొప్పులటగా? నిన్న గుడి నుంచి ముగ్గురు ఆడవాళ్ళు ఫోన్ చేసి పరామర్శించారు. ఒకావిడ కుంకుడు గింజంత మాత్రలేవో పంపిస్తానంది."

"నిచ్చెన మీద నొప్పుండదు."

"ఆహా. నేల మీదే ఉంటుందన్నమాట. అదీ గుడిలో నేల మీద."

నేను మంచు కొడుతూనే ఉన్నాను. కాసేపటికి ఆవిడే, గొంతు మార్చి, "జాగ్రత్తగా దిగు," అంది. లోపలికి వెళ్ళి చాలాసేపు ఎవరితోనో ఫోనులో మాట్లాడింది.

ఫిబ్రవరి 24, మంగళవారం

రేపు బూడిద బుధవారం. నలభై రోజుల ఉపవాసం ముందు కాబట్టి జుల్మీరా పొద్దున్నుంచీ మలసాదలనే పిండివంట వేయించింది. పంచదార అద్ది రెండు డబ్బాలు నింపింది. ఒకటి మాది. రెండోది ఎవరికని నేను అడగలేదు. మధ్యాహ్నానికి ఆ డబ్బా లేదు. ప్రతి ఏడూ ఉండదు. ఏ ఏడూ అడగలేదు.

సాయంత్రం ఫాదర్ గారు ఫోన్ చేశారు. మంచి మనిషి, ఆలోచించి చెప్పారు.

"మీ ఇద్దరి పరిస్థితీ ఒకటే అయింది కాబట్టి ఈస్టర్‌కి ఇద్దరినీ కలిపే సాగనంపుదాం. రెండు జ్ఞాపికలు చేయిస్తాను. మీ చోటికి ఆదివారం పూజకొచ్చే పెద్దవాళ్ళలో ఎవరినైనా అడుగుతాను."

అలాగేనండీ అన్నాను. ఇంకేమనగలను? నేను తవ్విన గోతిలో ఇద్దరం పడ్డాం.

ఫిబ్రవరి 25

నుదుట బూడిద. నాకూ, ఆయనకీ. వరసలో ఆయన నాకు నలుగురి ముందు నిలబడ్డాడు. కుంటుతున్నాడు. మామూలు నడకలోనే కుంటుతున్నాడు.

మార్చి 5, గురువారం

ఇవాళ పూజ తర్వాత ఫాదర్ గారు శ్మశానానికి కారులో వెళ్ళిపోయారు. అంగీల గదిలో మేమిద్దరమే. నేను బొత్తాలు విప్పుకుంటున్నాను.

"ఒరేయ్."

బొత్తాం చేతిలోనే ఉండిపోయింది. పదకొండేళ్ళయింది ఆ మాట విని.

"నీ మోకాలికేమైంది?"

"నొప్పి."

"ఏ మోకాలు?"

"ఎడమది."

"మనం నేలకి ఆనించేది కుడిది కదరా, సన్నాసీ."

"దిగేటప్పుడు బరువంతా ఎడమకాలి మీదే కదా పడేది," అన్నాను. ఆ మాట ముందే తయారు చేసి పెట్టుకున్నాను.

"అలాగా. మరి శనివారం చేపల కొట్టు మెట్లు రెండేసి చొప్పున ఎక్కావట?"

"ఎవరు చెప్పారు?"

"జుల్మీరా."

ఇంట్లోనే గూఢచారి. నేను గోడ వంక చూశాను.

"జాలి పడుతున్నావా నా మీద?" అన్నాడు. "నా తమ్ముడు, నాకన్నా నాలుగేళ్ళు చిన్నవాడు, బలంగా ఉన్న కాళ్ళు పెట్టుకుని దేవుడి ముందు దొంగ నమస్కారం పెడతాడా నా కోసం? అది ఫాదర్ గారి కళ్ళు కప్పుతుంది గానీ పైవాడి కళ్ళు కప్పుతుందా?"

"నువ్వు పడిపోతావని."

"పడితే పడతా. అసలు నా మోకాలి సంగతి ఫాదర్ గారి చెవిన వేసిందెవరు? ఆయనంతట ఆయన చూసే రకం కాదు. పూజ చేసేటప్పుడు పుస్తకంలోంచి తలెత్తడు."

చెప్పకుండా ఉండొచ్చు. జుల్మీరాకి చెప్పలేదు. ఇక్కడ కూడా సగమే ఒప్పుకున్నాను.

"నేనే," అన్నాను.

ఆయన అంగీ విప్పాడు. భుజాలు కలిపి మడతపెట్టి తగిలించాడు. మడత చెడలేదు. గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరక్కుండానే అన్నాడు.

"నీడ మనిషి మీద చాడీలు చెప్పదురా. పాద్రె క్రిస్తియానో ఉంటే నీ వీపు చీరేసేవాడు."

తలుపు తీస్తూ, "ఈసారి నువ్వు వంచాల్సినట్టు వంచు. నేను వంచాల్సినట్టు వంచుతా," అన్నాడు.

మార్చి 6

ఫోను మోగలేదు.

నిజమే, మోగలేదు. ఎలా మోగుతుంది? నేను మిల్లులో రాత్రి షిఫ్టు దిగి, పగలు పడుకునేముందు తీగ గోడలోంచి పీకేసేవాణ్ణి. రోజూ పీకేవాణ్ణి. ఆ రోజూ పీకాను. అమ్మకి బాగాలేదని తెలుసు. ముందురోజు వెళ్ళి చూశాను, నా వేలు పట్టుకుని వదల్లేదు. తెలిసే పీకాను. నిద్ర వస్తోందని పీకాను. జుల్మీరా కుట్టుపని కంపెనీకి వెళ్ళింది, ఇంట్లో ఎవరూ లేరు.

మూడింటికి లేచి తీగ పెట్టాను. కాఫీ కాచుకుంటుంటే మోగింది. అమ్మ పోయి నాలుగు గంటలైంది.

పరిగెత్తాను. అందరూ ఉన్నారు, పిన్నులు, వాళ్ళ పిల్లలు, ఇరుగుపొరుగు. అమ్మ మంచం పక్కనే ఆయన గుండెల మీద రెండు చేతులతో గుద్దాను. నాకెందుకు చెప్పలేదన్నాను. "నాలుగుసార్లు చేశానురా" అన్నాడు. అబద్ధమన్నాను. అందరూ విన్నారు. ఆ తర్వాత పిన్ని పిల్లలు చాలామంది ఆయన ఇంటికి వెళ్ళడం మానేశారు. నేను చూస్తూ ఊరుకున్నాను.

రాశాను. ఇప్పుడు ఈ పేజీ చింపెయ్యాలా?

మార్చి 7

చింపలేదు.

మార్చి 11, బుధవారం

ఈ వారం ఊళ్ళో ఎవరూ పోలేదు. ఎదురుచూస్తున్నానా? ఛీ, పాపం.

మార్చి 17, మంగళవారం

చెప్పుల కొట్టు అర్లిందో అంత్యక్రియలు. నా బూట్లకి అతను అడుగు అట్టలు ఎన్నిసార్లు మార్చాడో లెక్కలేదు. ఆ బూట్లే వేసుకున్నాను.

నడిమెట్టు ముందు ఒకటి, రెండు. నేను వంచాల్సినట్టు వంచాను. ఆయనా వంచాడు, తొడ మీద చెయ్యి ఊని, పళ్ళు బిగించి. లేచాడు. తర్వాత అన్నీ మామూలే. ఫాదర్ గారి చేతుల మీద నేను నీళ్ళు పోశాను, ఆయన తువ్వాలు అందించాడు. కూర్చున్నప్పుడు రెండు పాదాలూ నేల మీద, చేతులు మోకాళ్ళ మీద, చూపు పీఠం మీద. ఆయన మోకాలి మీద పెట్టిన చెయ్యి దాన్ని మెల్లగా రుద్దుతోంది. చూడకూడదు. చూశాను.

శాంతి చెప్పుకునే చోటొచ్చింది. ఆయన చెయ్యి చాపాడు. పట్టుకున్నాను. అనాల్సిన మాట నోటికి రాలేదు. వేరే మాట వచ్చింది.

"ఆ రోజు ఫోను తీగ నేనే పీకాను."

పీఠం దగ్గర సొంతమాట మాట్లాడకూడదు. అరవై ఏళ్ళలో ఒక్కటి మాట్లాడలేదు. మెల్లగానే అన్నాననుకున్నాను గానీ ముందు వరసలో ఒకావిడ తలెత్తింది.

ఆయన మొహంలో ఏమీ కదల్లేదు. అలా కదలకుండా ఉండటం మాకు నేర్పిందే.

"తెలుసు," అన్నాడు. తర్వాత, "శాంతి నీకు కలుగుగాక," అన్నాడు.

చెయ్యి వదల్లేదు. జనం దేవుని గొర్రెపిల్ల పాట సగం పాడేదాకా వదల్లేదు. ఫాదర్ గారు రొట్టె విరుస్తూ మా వంక ఒకసారి చూసి మళ్ళీ పుస్తకంలోకి చూశారు.

ఆఖర్న పేటిక చుట్టూ సాంబ్రాణి వేశాక వెళ్ళేముందు మళ్ళీ నడిమెట్టు. ఫాదర్ గారు మధ్యలో, మేం చెరో పక్క. ముగ్గురం దిగాం. నేను లేవబోయాను. అటు పక్కన ఆయన లేవలేదు.

మళ్ళీ ప్రయత్నించాడు. మోకాలు నేల వదల్లేదు. మెడ మీద నరం ఉబ్బింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, తుడుచుకోలేడు, ఈసారి చేతులు జోడించే దిగాడు.

నేను సగం లేచినవాణ్ణి మళ్ళీ దిగాను. ఫాదర్ గారు అప్పటికే నిలబడ్డారు. తల తిప్పి చూశారు. ఈసారి చూశారు. ఏమీ అనకుండా తానూ మళ్ళీ మోకాలు వంచి తల దించుకున్నారు. ఆర్గన్ వాయించే అమ్మాయికి ఏమర్థమైందో, అయిపోయిన పాటకి ఇంకో చరణం ఎత్తుకుంది.

అప్పుడు నేను జోడించిన చేతులు విప్పాను. పీఠం ముందు. ఫాదర్ గారి వెనకనుంచి అటు వెళ్ళి ఆయన పక్కన చేరి భుజం కింద భుజం పెట్టాను.

"ఒకటి," అన్నాను పైకే.

"రెండు," అన్నాడు అన్నయ్య.

లేచాం. నా భుజం మీద మొత్తం వాలాడు. ఎంత బరువు! ఇంత బరువునీ ఇన్నాళ్ళూ ఆ కాలి మీద ఎలా లేపాడో నాకర్థం కాలేదు. గుడి బయటిదాకా అలాగే నడిచాం, చేతులు జోడించకుండా. అడుగులో అడుగు మాత్రం పడింది.

అర్లిందో కూతురు మెట్ల మీద మా ఇద్దరి చేతులూ పట్టుకుని ఏడ్చింది. "మా నాన్న కోసం మీరంతసేపు మోకాళ్ళ మీదున్నారు. ఎవరూ అలా చెయ్యరు," అంది. మేం తలూపాం.

అన్నయ్యని నా కారులో ఎక్కించాను. కాలు లోపల పెట్టుకోవడానికి రెండు చేతులూ పట్టాడు. తలుపు వేసి నేను ఇటు వచ్చి కూర్చున్నాను. తాళం తిప్పలేదు.

"ఎప్పుడు తెలిసింది?" అన్నాను.

"ఆ రోజే. నువ్వు పగలు తీగ పీకి పడుకుంటావని నాకు తెలియదా? అమ్మే అనేది, వాడికి పగలు ఫోన్ చెయ్యకండి, మోగదు అని. అయినా నాలుగుసార్లు చేశాను. ఏమో, ఆ ఒక్కరోజూ పెట్టి ఉంటావేమోనని."

"మరి అందరి ముందూ ఎందుకు అనలేదు?"

"అమ్మ పక్కన పడుకుని ఉంది. నువ్వు చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నావు. అంతమంది ముందు తీగ సంగతి నీ మొహాన కొట్టమంటావా?"

నేను గుడి మెట్ల వంక చూశాను.

"నాదీ తప్పుందిలే," అన్నాడు కిటికీ వంక తిరిగి. "మీ ఇంటికి ఆరు వీధులు. పరిగెత్తుకొచ్చి తలుపు బాదొచ్చు. అమ్మ చెయ్యి వదల్లేకపోయాను. వదిలితే పోతుందనుకున్నాను. వదలకపోయినా పోయింది."

ఏడ్చాను. రాయడానికి సిగ్గేం లేదు. అన్నయ్య ఏడవలేదు. జేబురుమాలు ఇచ్చాడు, నాలుగు మడతలు సమంగా పెట్టింది.

"మోకాలు ఎప్పట్నుంచి ఇలా ఉంది?"

"రెండేళ్ళయింది. ఎముకల డాక్టరు అప్పుడే చెప్పాడు, మెట్లు, మోకాళ్ళు, అన్నీ మానెయ్యమని. ఫాదర్ గారితో ఇవాళ పూజకి ముందే చెప్పాను, ఇక రానని. ఈస్టర్ దాకా కూడా అక్కర్లేదని. ఆ జ్ఞాపికేదో నీకే ఇమ్మన్నాను."

"రెండేళ్ళ క్రితమే ఎందుకు మానలేదు?"

నా వంక తిరిగాడు. ఇంత కూడా తెలియదా వీడికి అన్నట్టు చూశాడు.

"మానేస్తే నువ్వు నాకు చెయ్యెక్కడ ఇస్తావురా?"

తాళం చాలాసేపు తిప్పలేకపోయాను.

మార్చి 20, శుక్రవారం

ఇవాళ ఊళ్ళో అంత్యక్రియలు లేవు. అయినా పది గంటలకి అన్నయ్య మా ఇంటికి వచ్చాడు.